నీటి మాత్ర మానేస్తున్న సంగతి డాక్టరుకు చెబుదాం

నాకు తెలిసినవాళ్లలో నీటి మాత్ర, అంటే ఒంట్లో చేరిన నీటిని మూత్రంగా బయటికి పంపే మాత్ర, వాడేవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో దాన్ని ఒక్కరోజు కూడా వదలకుండా వేసుకునేవాళ్లు మాత్రం అరుదు. మిగతా మందులైతే మరిచిపోయి మానేస్తారు. దీన్ని గుర్తుపెట్టుకుని మరీ మానేస్తారు. ప్రయాణం ఉన్న రోజు, పెళ్లికి వెళ్లే రోజు, ఆఫీసులో పెద్ద మీటింగ్ ఉన్న రోజు ఆ మాత్ర డబ్బాలోనే ఉండిపోతుంది. ఇది నిర్లక్ష్యం అంటే నేను ఒప్పుకోను. మాటిమాటికీ లేచి బాత్రూంకి పరుగెత్తాల్సిన మనిషి, అది ఎక్కడుందో, అసలు ఉందో లేదో తెలియని చోటికి వెళ్తూ, తనకు తోచిన ఒకే ఒక్క దారి పట్టాడు. అంతకంటే మంచి దారులు ఉన్నాయని అతనికి ఎవరూ చెప్పలేదు. నా బాధంతా దాని గురించే.

గుండె పంపింగ్ తగ్గిందని నాకూ ఈ మాత్ర రాశారు. అంతకుముందు రాత్రిళ్లు దిండు మీద దిండు పేర్చుకుని, సగం కూర్చునే నిద్రపోయేదాన్ని. వెల్లకిలా పడుకుంటే చాలు, ఆయాసం. సాయంత్రానికి సాక్సు అంచు దగ్గర కాలి చుట్టూ గాడి పడేది. ముంగాలి మీద వేలితో నొక్కితే గుంట పడి, చాలాసేపు అలాగే ఉండిపోయేది. ఫ్యూరోసెమైడ్ అనే ఈ నీటి మాత్ర మొదలుపెట్టాక కొద్ది రోజుల్లోనే ఆ గుంటలు పోయాయి, ఒక్క దిండు మీద తల పెట్టుకుని పడుకోగలిగాను. ఆ సుఖం ఎలాంటిదో తెలుసు కాబట్టి, ఈ మందును తప్పుపట్టాలని ఇది రాయడం లేదు. ఇంత మంచి మందు, దానితో వచ్చే ఇబ్బందుల గురించి ఎవరూ నోరు విప్పకపోవడం వల్ల డబ్బాల్లో మిగిలిపోతోందని రాస్తున్నాను.

క్లినిక్‌లో నా వంతు కోసం కూర్చుని ఉండగా పక్కనున్న ఒక పెద్దావిడ మాట కలిపింది. “నీకూ నీరు పోయే మాత్రేనా తల్లీ?” అని అడిగింది. అవునన్నాను. “బయటికెళ్లే రోజు నేనది వేసుకోనమ్మా. బస్సులో ఉంటే ఎవర్ని ఆపమంటాం?” అంది. డాక్టరుగారికి చెప్పారా అని అడిగితే, “అయ్యో, తిడతారు. అన్నీ వేసుకుంటున్నాననే చెప్పా” అంది. కాళ్ల వాపు తగ్గలేదని పోయినసారి డోసు పెంచారట. పెంచిన డోసు వేసుకుంటే కళ్లు తిరుగుతున్నాయట. అందుకని ఇప్పుడు ఇంకా ఎక్కువ రోజులు మానేస్తోందట.

ఆవిడ చెప్పిన దాంట్లోనే మొత్తం సమస్య ఉంది. డాక్టరుకు కనిపించింది వాపు. ఆయనకు తెలిసినంతవరకు ఆవిడ రోజూ మాత్ర వేసుకుంటోంది. రోజూ వేసుకుంటున్నా వాపు తగ్గలేదంటే, డోసు చాలడం లేదనే ఎవరైనా అనుకుంటారు. సగం రోజులు మానేస్తే నీరు చేరింది, నీరు చేరితే డోసు పెరిగింది, డోసు పెరిగితే వేసుకున్న రోజున ఒళ్లు తట్టుకోలేకపోయింది. చెప్పకుండా మానేసిన మాత్ర అసలు వేసుకోని మాత్రకంటే ఎక్కువ హాని చేస్తుంది. ఎందుకంటే ఆ తర్వాత డాక్టరు తీసుకునే ప్రతి నిర్ణయమూ లేని సంగతి మీద ఆధారపడి ఉంటుంది.

మరి మంచి దారులు ఏమిటి? ముందు గడియారం సంగతి చూద్దాం. ఫ్యూరోసెమైడ్ మాత్ర మింగిన గంటలోపే పని మొదలుపెడుతుంది. ఒకటి రెండు గంటల మధ్య దాని జోరు ఎక్కువ. ఆరు గంటలు గడిచేసరికి దాదాపు అయిపోతుంది. అంటే ఆపుకోలేనంత ఇబ్బంది రోజంతా ఉండదు, మొదటి కొన్ని గంటలే ఉంటుంది. ఈ ఒక్క ముక్క తెలిస్తే ప్రయాణం రోజున మాత్ర మానాల్సిన అవసరం చాలాసార్లు రాదు. పదకొండింటికి బయల్దేరాలంటే ఐదింటికే లేచి వేసుకోవచ్చు. పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నానికి తిరిగొచ్చే పనైతే వచ్చాక వేసుకోవచ్చు. మా డాక్టరుగారిని అడిగితే, “మధ్యాహ్నం మూడు, నాలుగు దాటనివ్వకండి, దాటితే రాత్రి నిద్ర ఉండదు. ఆలోపు మీ వీలు చూసుకోండి” అన్నారు. అంతే. చీటీ మీద ‘ఉదయం’ అని రాసి ఉంటే, అది మార్చకూడని ముహూర్తం అనుకుని మాత్రను పూర్తిగా వదిలేసేవాళ్లు ఎందరో. మీ మాత్ర సంగతి మీ డాక్టరును అడిగే మార్చుకోండి, కానీ అడగండి.

అన్ని నీటి మాత్రలూ ఇలా నడవవు. బీపీకి ఇచ్చే క్లోర్‌థాలిడోన్ రక్తంలో సగానికి తగ్గడానికే 40 నుంచి 60 గంటలు పడుతుంది. దాని పని నిదానంగా సాగుతుంది, ఫ్యూరోసెమైడ్‌కి ఉన్నంత జోరు ఉండదు. కాబట్టి దాన్ని రెండు గంటలు అటూ ఇటూ జరిపితే పెద్దగా ఒరిగేదేమీ లేదు. మొదట్లో ఉండే ఇబ్బంది చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. అందుకే మీరు మింగుతున్న నీటి మాత్ర పేరేమిటో తెలుసుకోవడం మొదటి పని. ‘నీటి మాత్ర’ అనే పేరు కింద ఒకదానికొకటి పోలికలేని మందులు ఉన్నాయి.

ఫ్యూరోసెమైడ్ ఎంత ఒంటపడుతుందన్నది మనిషి మనిషికీ బాగా మారుతుంది. అదే రకానికి చెందిన టోర్సెమైడ్ అనే మాత్ర ఆ విషయంలో నిలకడగా ఉంటుంది. అయితే ప్రాణాలు కాపాడడంలో ఏది మేలు? 2023లో ట్రాన్స్‌ఫామ్-హెచ్‌ఎఫ్ అనే అధ్యయనం ఫలితాలు వచ్చాయి. గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరిన 2,859 మందిలో కొందరికి ఇది, కొందరికి అది ఇచ్చి చూస్తే మరణాల్లో తేడా కనబడలేదు. నాకు ఇందులో కనిపించేది ఇదీ. రెండు మందులూ ఆ విషయంలో సమానమైనప్పుడు, ఏది వేసుకుంటే ఈ మనిషి రోజు కాస్త సాఫీగా గడుస్తుందన్న ప్రశ్నకూ చోటుండాలి. ఆ ప్రశ్న అడగాలంటే ఆ మనిషి రోజు ఎలా గడుస్తుందో డాక్టరుకు తెలియాలి.

రాత్రి పదేపదే లేవాల్సి వస్తే అది కూడా మాత్ర ఖాతాలోనే వేసేస్తాం. చాలాసార్లు దోషం దానిది కాదు. పగలంతా కాళ్లలో దిగిన నీరు, పడుకోగానే మళ్లీ రక్తంలోకి వస్తుంది, మూత్రపిండాలు దాన్ని అర్ధరాత్రి బయటికి పంపుతాయి. మధ్యాహ్నం కాసేపు కాళ్లు ఎత్తులో పెట్టుకుని పడుకుంటే ఆ పని సాయంత్రంలోపే కొంత అయిపోతుంది. కొందరికి మాత్రను పొద్దున నుంచి మధ్యాహ్నానికి జరిపితేనే రాత్రి నిద్ర బాగుపడుతుంది. ఇది కూడా చెబితేనే తేలే విషయం.

ఇక నీళ్లు. మూత్రానికి భయపడి నీళ్లు తాగడం తగ్గించేసేవాళ్లు ఒక పక్క, ‘పోయినంతా మళ్లీ తాగాలి’ అని సీసాలకు సీసాలు తాగేవాళ్లు ఇంకో పక్క. రెండూ ప్రమాదమే. మొదటి దాంతో ఒళ్లు ఎండిపోయి, బీపీ పడిపోయి, మూత్రపిండాలు దెబ్బతినొచ్చు. రెండో దాంతో రక్తంలో సోడియం పలచబడిపోవచ్చు. గుండె జబ్బులో కొందరికి డాక్టరే రోజుకు ఇంత అని నీళ్ల కొలత పెడతారు. అది వాళ్ల పరీక్షలు చూసి పెట్టిన కొలత. బాత్రూం భయంతో మనం పెట్టుకున్న కొలతకూ దానికీ సంబంధం లేదు.

సోడియం గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇంట్లో ఎవరూ గుర్తుపట్టలేనిది ఇదే. రక్తంలో సోడియం మామూలుగా లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోల్స్ మధ్య ఉంటుంది. బీపీకి వాడే థయజైడ్ రకం మాత్రలు, అంటే హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్, వీటికి దగ్గర చుట్టమైన ఇండపమైడ్ లాంటివి, దాన్ని బాగా కిందికి లాగగలవు. ఎక్కువగా పెద్ద వయసు ఆడవాళ్లలో, చాలాసార్లు మందు మొదలుపెట్టిన మొదటి రెండు మూడు వారాల్లోనే ఇది జరుగుతుంది. బయటికి ఎలా కనబడుతుందంటే, అమ్మమ్మ రెండు రోజులుగా నీరసంగా ఉంది, తిండి వద్దంటోంది, వికారం అంటోంది, నడిస్తే తూలుతోంది, అడిగినదానికి సంబంధం లేని జవాబు చెబుతోంది. ఇంట్లోవాళ్లు ‘వయసైపోయింది కదా’ అనుకుంటారు. ఎవరికీ ఆ కొత్త మాత్ర గుర్తుకురాదు. ఒక్క రక్తపరీక్ష చేయిస్తే తెలిసిపోయే సంగతి, చేయించకపోతే ఫిట్స్ దాకా, కోమా దాకా పోగల సంగతి. పెద్దవాళ్లకు కొత్తగా నీటి మాత్ర రాసినప్పుడు, సోడియం పరీక్ష ఎప్పుడు చేయించాలో అదే చీటీ మీద రాసివ్వడం డాక్టర్ల పని అని నేను గట్టిగా అంటాను. రాయకపోతే అడగడం మన పని.

లేచి నిలబడితే కళ్లు చీకట్లు కమ్మడం అందరికీ తెలిసిన ఇబ్బందే. పొద్దున నేను మంచం దిగే పద్ధతి ఇదీ. కళ్లు తెరవగానే లేవను. పడుకునే పాదాలను కిందికీ పైకీ ఆడిస్తాను, పిక్కలు బిగించి వదులుతాను. తర్వాత పక్కకు తిరిగి, కాళ్లు కిందికి వేసి కూర్చుంటాను. తల తిరుగుతున్నట్టు అనిపించినంతసేపు అలాగే ఉంటాను. లేచాక కూడా మంచం కోడు పట్టుకుని కాస్త నిలబడే అడుగు వేస్తాను. చదవడానికి ఇదో పెద్ద పనిలా ఉంటుంది కానీ అలవాటైతే తెలియదు. బాత్రూం తొందరలో ఒక్క ఉదుటున లేచి పడిపోవడం ఎంత సులువో, పెద్ద వయసులో విరిగిన తుంటి ఎముక అతకడం అంత కష్టం. అయితే జాగ్రత్తలతోనే సరిపెట్టుకోకూడదు. క్లినిక్‌లో బీపీ ఎప్పుడూ కూర్చోబెట్టే చూస్తారు. నిలబడ్డ మూడు నిమిషాల్లోపు పై అంకె 20 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడిపోతే అది లెక్కలోకి తీసుకోవాల్సిన పతనం. “ఒకసారి నిలబెట్టి కూడా చూడండి” అని అడగండి. ఆ అంకె ఉంటే డోసు తగ్గించాలా, బీపీ మాత్ర వేళ మార్చాలా అన్న మాట ముందుకు కదులుతుంది. ఉత్తి ‘కళ్లు తిరుగుతున్నాయండీ’ అంటే విటమిన్ మాత్రతో సరిపోవచ్చు.

పిక్కలు పట్టేయడం రాత్రి పూట సంగతి. గాఢ నిద్రలో ఉండగా పిక్క కండ రాయిలా బిగుసుకుపోతుంది. పాదాన్ని చేత్తో పట్టుకుని, వేళ్లను మోకాలి వైపు లాగి ఉంచితే మెల్లగా వదులుతుంది. నొప్పి మాత్రం తెల్లారాక కూడా నడకలో తెలుస్తూనే ఉంటుంది. ఇది పొటాషియం తగ్గడం వల్ల కావచ్చు, మెగ్నీషియం తగ్గడం వల్ల కావచ్చు, అసలు ఆ రెండూ బాగుండి కూడా రావచ్చు. పరీక్ష లేకుండా తేలదు. ఇక్కడే చుట్టుపక్కలవాళ్ల సలహా మొదలవుతుంది: పొటాషియం కోసం పండ్లు తిను, రసాలు తాగు అని. ఈ సలహా ఒకరికి మందు, ఇంకొకరికి ముప్పు. ఫ్యూరోసెమైడ్, థయజైడ్ మాత్రలు పొటాషియాన్ని బయటికి పంపేస్తాయి. స్పైరోనోలాక్టోన్ అనే ఇంకో నీటి మాత్ర దాన్ని ఒంట్లోనే పట్టి ఉంచుతుంది. రక్తంలో పొటాషియం లీటరుకు సుమారు 3.5 నుంచి 5 మిల్లీమోల్స్ మధ్య ఉండాలి. బాగా తగ్గినా, బాగా పెరిగినా గుండె లయ తప్పుతుంది. స్పైరోనోలాక్టోన్ వేసుకుంటూ, ‘ఉప్పు తగ్గించమన్నారు కదా’ అని మామూలు ఉప్పుకు బదులు వాడే ఉప్పు తెచ్చుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. అలాంటి ఉప్పుల్లో చాలావాటిలో ఉండేది పొటాషియం క్లోరైడే.

స్పైరోనోలాక్టోన్ విషయంలో మౌనం ఇంకో రకంగా దెబ్బతీస్తుంది. 1999లో వెలువడిన రేల్స్ అధ్యయనంలో తీవ్రమైన గుండె వైఫల్యం ఉన్న 1,663 మంది పాల్గొన్నారు. ఈ మాత్ర వేసుకున్నవాళ్లలో మరణ ప్రమాదం 30 శాతం తగ్గింది. అదే అధ్యయనంలో, ఈ మందు వేసుకున్న మగవాళ్లలో 10 శాతం మందికి రొమ్ములు పెరగడమో నొప్పి పుట్టడమో జరిగింది. పదిమందిలో ఒకరంటే అరుదైన ఇబ్బంది కాదు. కానీ ఏ మగమనిషి చొక్కా విప్పి ఆ మాట చెబుతాడు? సిగ్గుపడి, కారణం చెప్పకుండా మానేస్తాడు. ప్రాణం నిలబెట్టే మందు అలా పోతుంది. ఎప్లెరెనోన్ అనే ఇంకో మందు అదే పని చేస్తుంది, ఈ ఇబ్బంది దానితో చాలా తక్కువ. చీటీ రాసేటప్పుడే “ఛాతీ దగ్గర నొప్పిగానీ వాపుగానీ వస్తే చెప్పండి, మందు మారుస్తా” అని డాక్టరు ఒక్క వాక్యం అంటే చాలు, ఆ మనిషికి ఆ సిగ్గు పడే అవసరం తప్పుతుంది.

ఆ అధ్యయనం తర్వాత కెనడాలోని ఒంటారియోలో స్పైరోనోలాక్టోన్ వాడకం ఒక్కసారిగా పెరిగింది. దాంతోపాటే పొటాషియం పెరిగిపోయి ఆసుపత్రిలో చేరినవాళ్ల సంఖ్యా పెరిగిందని 2004లో పరిశోధకులు చూపించారు. మందు మంచిదైనంత మాత్రాన సరిపోదు, వెంట పరీక్షలు కూడా ఉండాలి. ఈ మాత్ర మొదలుపెట్టాక మొదటి వారంలో ఒకసారి, నెలకు మళ్లీ ఒకసారి పొటాషియం, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినైన్ చూడడం మామూలు పద్ధతి. మీకు చూశారా?

నొప్పి మాత్రల సంగతి త్వరగా చెప్పేస్తాను. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి నీటి మాత్ర పనిని తగ్గిస్తాయి. దానికి తోడు రామిప్రిల్, టెల్మిసార్టన్ లాంటి బీపీ మాత్ర కూడా ఉంటే మూడూ కలిసి మూత్రపిండాలను దెబ్బతీయగలవు. యూరిక్ యాసిడ్ పెరిగి బొటనవేలి కీలు ఎర్రగా వాచినప్పుడు, అది కూడా నీటి మాత్ర తెచ్చే ఇబ్బందుల్లో ఒకటే, జనం మొదట మింగేది ఆ నొప్పి మాత్రే. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజుల్లో నీటి మాత్రను తాత్కాలికంగా ఆపాల్సి రావచ్చు. ఎవరికి, ఎన్ని రోజులు అన్నది ముందే అడిగి పెట్టుకోవాలి.

ఇవన్నీ రోగులకు చెబితే భయపడి మందే మానేస్తారని కొందరు డాక్టర్లు అంటారు. ఆ వాదన నాకు అర్థమవుతుంది కానీ ఒప్పుకోలేను. మానేయడం ఇప్పటికే జరుగుతోంది. తేడా అల్లా, ఇప్పుడు చెప్పకుండా జరుగుతోంది. వేళలు మార్చుకోవచ్చంటే రేపు డోసులు కూడా సొంతంగా మార్చేస్తారని ఇంకో భయం. యూరప్ గుండె వైద్యుల సంఘం మార్గదర్శకాలు గుండె వైఫల్యం ఉన్నవాళ్లకు నేర్పించి, రోజూ బరువు, లక్షణాలు చూసుకుంటూ నీటి మాత్ర డోసును వాళ్లే సర్దుకునేలా తయారుచేయమంటున్నాయి. నేర్పించి వదలడం వేరు, నేర్పించకుండా వదిలేయడం వేరు. ఇప్పుడు జరుగుతున్నది రెండోది.

ఈ మందుల చరిత్రే రాసిపెట్టుకోవడం విలువ చెబుతుంది. 1919లో వియన్నాలో ఆల్‌ఫ్రెడ్ ఫోగ్ల్ అనే వైద్య విద్యార్థి ఒక సిఫిలిస్ రోగికి పాదరసం కలిసిన ఇంజెక్షన్ ఇప్పించాడు. నర్సులు నమోదు చేసిన మూత్రం లెక్క చూస్తే అమాంతం పెరిగి ఉంది. నీరు తీసే మందుగా పాదరసం ఇంజెక్షన్ అలా వాడుకలోకి వచ్చి, 1950ల చివర్లో క్లోరోథయజైడ్ మాత్ర వచ్చేదాకా దశాబ్దాలపాటు నడిచింది. నర్సులు ఆ అంకెలు రాయకపోతే అతనికి ఏమీ తెలిసేది కాదు.

మనం రాయాల్సింది బరువు. పొద్దున లేచి ఒంటికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, ఒకే రకం బట్టలతో చూసుకోవాలి. ఒక కిలో అంటే దాదాపు లీటరు నీరు. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఫోన్ చేయమని గుండె డాక్టర్లందరూ చెబుతారు. ఇందులో చెప్పని సగం ఒకటుంది. నీరు పూర్తిగా పోయాక ఉండే మామూలు బరువు కంటే కూడా కిందికి దిగుతూ, నోరు పిడచకట్టుకుపోతూ, నిలబడితే తూలుతుంటే, మాత్ర ఎక్కువైందేమో చూడాలి. అది కూడా ఫోన్ చేయాల్సిన సంగతే. ‘పెరగలేదు కదా, మంచిదే’ అని ఊరుకోకూడదు.

మీరు అనుకున్నంత కష్టం కాదు ఈ సంభాషణ. ‘మందులు సరిగ్గా వేసుకుంటున్నారా?’ అంటే అందరూ అవుననే అంటారు. కాబట్టి ఆ ప్రశ్న కోసం ఎదురుచూడకుండా మీరే మొదలుపెట్టండి: “డాక్టరుగారూ, బయటికి వెళ్లిన రోజు ఈ మాత్ర వేసుకోవడం లేదు. ఏం చేయమంటారు?” అని. మందుల చీటీ వెనకవైపు ఆయన చేతనే నాలుగు సంగతులు రాయించుకోండి. ఈ మాత్ర ఎన్ని గంటల లోపు వేసుకోవచ్చు, ఏ బరువు దాటితే, ఏ బరువుకు దిగితే ఫోన్ చేయాలి, వాంతులు విరేచనాలైతే ఏ మాత్రలు ఆపాలి, తర్వాతి రక్తపరీక్ష ఎప్పుడు. స్పృహ తప్పినా, మాట తడబడినా, మనిషి అయోమయంగా ఉన్నా, గుండె లయ తప్పినట్టు కొట్టుకున్నా, మూత్రం దాదాపు ఆగిపోయినా ఆ చీటీ కోసం వెతక్కుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. వేసుకుంటున్న మాత్రలన్నీ వెంట పట్టుకెళ్లాలి, మానేసినవాటితో సహా.